వరుణుడే ముద్దాయి

ప్రతి వానకాలమును మన భాగ్యనగరమున ఒక విచారణ జరుగుట ఆనవాయితీ యైనది. వీధులలో నడుములోతు నీరు పారి, సెల్లార్లు నిండి, కారులు కొట్టుకొనిపోయి ఒకదానిపై నొకటి ఎక్కి కూర్చున్న రాత్రి గడచి తెల్లవారగనే, అమాత్యులును అధికారులును పాంట్లు మోకాళ్లదాక మడచి, ఫొటోగ్రాఫరు సిద్ధముగా నున్నాడో లేదో ఒకమారు చూచుకొని, ‘‘ఇది కనీవినీ ఎరుగని వర్షము’’ అని తీర్పు చెప్పుదురు. అనగా ముద్దాయి వరుణదేవుడు. ఆయన సమన్లు పుచ్చుకొనడు, వకీలును పెట్టుకొనడు, అప్పీలునకు పోడు. ఇంతకంటె అనుకూలుడైన నేరస్థుడు ఏ ప్రభుత్వమునకైనను దొరకునా?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, సుమారు 15 వేలమందిని పొట్టను బెట్టుకొన్నదని చెప్పుకొనునాడు ‘కనీవినీ ఎరుగని’ యను మాటకు అర్థమున్నది. అయినను, ఓటు మాట యెరుగని ఆ రోజులలో, నిజాము ప్రభుత్వము వరుణునిపై నేరము మోపి ఊరకుండక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన ఎగువన రెండు జలాశయములు కట్టవలెనని నివేదిక ఇచ్చెను. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమైనవి. నివేదిక యనునది పని చేయుటకొరకు వ్రాయబడునని నమ్మిన అమాయకులు వారు.

మన మంతకంటె ఎదిగితిమి. 2000 ఆగస్టు 24న నగరముపై ఒక్కరోజున 24 సెంటీమీటర్ల వాన కురిసినది, కనీవినీ ఎరుగమంటిమి. 2003లో కిర్లోస్కర్ సంస్థవారు నాలాలను విస్తరింపుడని నివేదిక సమర్పించిరి. దానిని భద్రముగా దాచితిమి, ఎంత భద్రముగా ననగా నాలాలకు సైతము దాని జాడ తెలియనంత. 2020 అక్టోబరు 13 రాత్రి మరల కుండపోత కురిసినది. పల్లెచెరువు తెగినది, అప్పచెరువు గండిపడి గగన్‌పహాడ్ వద్ద జాతీయ రహదారిపై వాహనములను ఊడ్చుకొనిపోయినది. మరల కనీవినీ ఎరుగమంటిమి. కన్నదానిని, విన్నదానిని ఇరువది యేండ్లలో ఇంత పరిశుద్ధముగా మరచుట సామాన్యుని తరము కాదు. 2021లో నాలాలకు ప్రత్యేక పథకము వచ్చినది, 2024లో ఆక్రమణలపైకి హైడ్రా యను సంస్థ వచ్చినది, కాదనము. కాని ఆ రెండింటి నడుమ, 2022లో, విశ్వేశ్వరయ్యగారి జలాశయముల ఎగువభూములను కాపాడుటకై 1996లో పుట్టిన 111వ జీవో ఆంక్షలను 69వ జీవో ఎత్తివేసిన సంగతిని వరుణుని చార్జిషీటులో ఏ పుటలో వ్రాయవలయునో మాకు తోచుట లేదు.

ఇట్టి సందేహములతో ఒక కాలనీవారు అర్జీ పట్టుకొని బయలుదేరిరి. వాననీటి నాలా నగరపాలకులది, మురుగు గొట్టము జలమండలిది, చెరువు కట్ట నీటిపారుదలవారిది, శిఖము భూమి రెవెన్యూవారిది, రహదారి జాతీయమైనచో ఢిల్లీవారిది. నీరు మాత్రము నిరక్షరకుక్షి; ‘ఇచ్చటితో మా పరిధి ముగిసినది’ అను బోర్డును చదువనేరదు.

‘‘అయ్యా, మా వీధి మూడడుగులు మునిగినదండి.’’

‘‘మునిగినది వాననీటనా, మురుగునీటనా?’’

‘‘రెండును కలిసియే వచ్చినవి సార్.’’

‘‘కలిసినది మా శాఖ పుచ్చుకొనదు. వేరుచేసి తీసికొనిరండి.’’

ఇక వేసవి చివర జరుగు పూడికతీత యను క్రతువును కన్నులార చూచి తీరవలెను. జేసీబీ వచ్చి, నాలాలోని బురదను, థర్మోకోలు ముక్కలను, ప్లాస్టిక్ సంచులను, దూది వెడలిన పాతపరుపును పైకెత్తి గట్టుమీదనే కుప్పవోయును. ఫొటో తీయుదురు. లారీ రేపు వచ్చునందురు. ఆ రేపు రాకమునుపే మృగశిర వచ్చును. తొలిజల్లుకే ఆ కుప్ప కరిగి, ఆషాఢమునకు పుట్టింటికి బయలుదేరిన కొత్తకోడలివలె, నవ్వుచు నాలాలోనికి దిగును. కాంట్రాక్టరు బిల్లునకు మాత్రము అట్టి బెంగలేదు. ఖజానా గడప దాటినది మరల వెనుదిరిగి చూడదు. ఇక మూతపోయిన మ్యాన్‌హోలులో కొమ్మ గుచ్చి, దానికి ఎఱ్ఱగుడ్డ కట్టి, వచ్చుపోవువారిని కేకవేసి హెచ్చరించుట పౌరుల వంతు.

‘‘నాలాలో చెత్త వేయువారు మీరు కారా? నాలాపై మేడ కట్టినది మీవాడు కాడా?’’ అని ఏలినవారు గద్దింతురు. నిజమే, మావాడే. కాని ఆ మేడకు ఇంటినంబరు వేసి, కరెంటు మీటరు బిగించి, నల్లా ఇచ్చి, ఏటేట పన్ను వసూలు చేసినవాడు వరుణుడు కాడు గదా! 2020లో ఇంటికి 10 వేల రూపాయల వంతున వరద సాయము పంచిరి. నగరపాలక ఎన్నికలు డిసెంబరు 1న ఉండుట కేవలము కాకతాళీయ మనుకొందము. ఎన్నికల సంఘమువారు మాత్రము అట్లు అనుకొనక నడుమ నాపించిరి. సాయము చేయవలదని యెవ్వరనిరి? అది చేతిలో పడినంత మాత్రమున లెక్క యడుగు హక్కు చెల్లిపోయినట్లు కాదని మాత్రమే మా మనవి.

కావున ఒక చిన్న ప్రతిపాదన. బస్సుషెల్టరు ప్రారంభించినను నల్లరాతిపై మంత్రి మొదలు ఏఈ వరకు పేళ్లన్నియు చెక్కించు సత్సంప్రదాయము మనకు కలదు. దానినే మునిగిన ప్రతి వీధికిని విస్తరింపజేయుడు. ‘ఈ నాలా పూడిక తీసినట్లు సంతకము చేసినది ఫలానివారు, తీసినది ఇన్ని టన్నులు, పోసిన చోటిది, చెల్లించిన సొమ్మింత, ఎగువ కుంటలో వెంచరునకు అనుమతి ఇచ్చినది ఫలానివారు’ అని రాతిపై చెక్కి, నీరు చేరిన మట్టమునకు జానెడు పైన నిలుపుడు. బదిలీయైనను పేరు చెరపరాదు. కొబ్బరికాయ మేమే కొట్టుదుము.

ఇది దురాశ యందురేమో. ఆస్తిపన్ను గడువు దాటినచో మా పేరు, మా ఇంటినంబరు, మా బకాయి, దానిపై వడ్డీ, పైసలతో సహా మీ పుస్తకములో నెక్కును. వాన యెక్కువయైనదని మేము చెప్పిన సాకును ఏ బిల్‌కలెక్టరును ఇంతవరకు వినియుండలేదు.