గేటు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం:

టు-లెట్. డబుల్ బెడ్‌రూం పోర్షన్, ఫస్ట్ ఫ్లోర్. ఈస్ట్ ఫేసింగ్. మంజీరా వాటర్, బోర్ వాటర్ కలదు. ఫ్యామిలీకి మాత్రమే. మియాపూర్ మెట్రోకు 10 నిమిషాలు. లోపల విచారించండి.

అవతారిక:

బీరంగూడ కమాన్ దాటి అమీన్‌పూర్ వైపు పోయే దారిలో, ఒక సందులోని గేటుకు ఇనుప తీగతో కట్టిన ఏడు వాక్యాల గద్యకావ్యమిది. కవి ఇంటి ఓనరు. రచనాకాలం, పాత కిరాయిదార్లు ఖాళీ చేసిన మర్నాడు. వ్యాఖ్యాతకు మల్లినాథసూరి అంతటి ప్రజ్ఞ లేదు గాని జిల్లా అభిమానం మాత్రం దండిగా ఉంది. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా విడిపోయేదాకా మా అమీన్‌పూర్ కూడా మెదక్ జిల్లాలోదే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథుడి ప్రతిజ్ఞ. టు-లెట్ బోర్డుల్లో అసలు సంగతులన్నీ మూలంలో లేనివే కనుక మొదటి సగం మాకు చెల్లదు. రెండో సగానికి ప్రయత్నిస్తాం.

ప్రతిపదార్థం:

డబుల్ బెడ్‌రూం పోర్షన్ = రెండు పడకగదులు గల వాటా. రెండో గదిలో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు, బీరువా పెడితే మంచం పట్టదు. దీన్ని పిల్లల గది అని కొందరు, ఊరినుంచి వచ్చే అత్తగారి గది అని కొందరు వ్యాఖ్యానించారు. పరీక్షల ముందు మొదటి అర్థం, సంక్రాంతి తర్వాత రెండో అర్థం గ్రహించాలి. "పెంట్‌హౌస్" అని పాఠాంతరం. అంటే డాబా మీద ఒంటి గది, ఎండాకాలంలో నివాసయోగ్యం కాదు.

ఈస్ట్ ఫేసింగ్ = తూర్పు వాకిలి కలది. సూర్యుణ్ణి చూడ్డానికి కాదు, వాస్తుకు. సూర్యుడికి, వాకిలికి మధ్య ఎదురింటి వాళ్ల మూడంతస్తులున్నాయి.

మంజీరా వాటర్, బోర్ వాటర్ కలదు. ఈ వాక్యం కావ్యానికి ప్రాణం. మంజీరా నీళ్లు హైదరాబాదుకు పారడం 1965లో మొదలైంది. సంగారెడ్డి దగ్గర కలబ్‌గూరు బ్యారేజీలో బయల్దేరి, రోజూ నగరానికి పోయి పనిచేసే విషయంలో ఆ నది కూడా మాలాంటిదే. సాయంత్రం తిరిగిరాదు, అంతే తేడా. ఇక "కలదు" అనే క్రియ. దీనికి కాలనియమం లేదు. నల్లా రోజు విడిచి రోజు రావచ్చు, రెండు రోజులు విడిచీ రావచ్చు, తెల్లవారుజామున నాలుగింటికీ రావచ్చు. ఆ వేళ సందులో "నీళ్లిడిసిండ్రా?" అని ఒక గొంతు వినిపిస్తే అన్ని వాటాల్లో లైట్లు వెలుగుతాయి. నల్లాకు మోటారు బిగించి గుంజడం నేరం, బిగించకపోవడం అమాయకత్వం. శాస్త్రాలు పరస్పరం విరోధించినప్పుడు శిష్టాచారమే ప్రమాణం గనక అందరూ బిగిస్తారు.

బోర్ వాటర్ అంటే సబ్బు నురగ రానిది. మా కాలనీలో జుట్టు రాలడానికి వయసు, దిగులు, వంశం కారణాలు కావు. ఇదొక్కటే. తాగడానికి ఈ రెండూ కాక 20 లీటర్ల క్యాన్ అనే మూడో జలం ఉంది. కవి దాన్ని చెప్పకుండా వదిలాడు, సహృదయులు ఊహించుకోవాలి.

ఫ్యామిలీకి మాత్రమే. ఇందులో "మాత్రమే" అన్నది ప్రధానం. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, అంతే. బ్యాచిలర్లు నిషిద్ధులు. చుట్టాలను ఇక్కడ మనుషుల కింద కాక బకెట్ల కింద లెక్కిస్తారు.

మియాపూర్ మెట్రోకు 10 నిమిషాలు. ఇక్కడ కాసేపు ఆగాలి. అలంకారశాస్త్రంలో లక్షణకు పేరుమోసిన ఉదాహరణ గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు కనుక గట్టున ఉందని సర్దుకోవాలి. మరి గట్టున అనే అనొచ్చుగా? అంటే గంగ చల్లదనం, పావనత్వం పల్లెకు అంటవు. మా ఓనరుదీ ఆ ఎత్తే. మెట్రో ఏసీ చల్లదనం మా సందుకు కాస్త అంటాలని ఆశ. బీరంగూడ, రామచంద్రాపురం, లింగంపల్లి, చందానగర్, మదీనాగూడ ఇన్ని ఊళ్లను ఒక్క గుక్కలో మింగేసి మియాపూర్ అన్నాడు. (ఒక హెచ్చరిక. నగరం చుట్టూ కొన్ని వెంచర్లకు లక్షణ అక్కర్లేదు, వాచ్యార్థమే కుదురుతుంది. ఇల్లు నిజంగానే చెరువులో ఉంటుంది. 2024లో చెరువుల్లో కట్టినవాటిని కూల్చే హైడ్రా వచ్చాక ఇల్లు కొనబోయేవాళ్లు వాస్తు కంటే ముందు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీరు నిలిచే హద్దు, అడగడం నేర్చారు.)

పాఠభేదాలను బట్టి బోర్డుల కాలనిర్ణయం చేయవచ్చు. "218 బస్సు దిగి నడవవచ్చు" అన్నది అతి ప్రాచీన పాఠం, పటాన్‌చెరు నుంచి కోఠీ దాకా ఒకటే బస్సు అందరికీ దిక్కయిన నాటిది. "లింగంపల్లి స్టేషనుకు దగ్గర" అంటే 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైన తర్వాతిది. ప్రస్తుత పాఠం 2017 నవంబరుకు ముందుది కాజాలదు, మియాపూర్‌లో మెట్రో అప్పుడే ఎక్కడం మొదలుపెట్టాం. రవాణా మారింది, కాలనీ జరగలేదు, పది నిమిషాలూ జరగలేదు.

ఆ పది నిమిషాలు ఎప్పటివి? తెల్లవారుజామున, సెలవునాడు, సిగ్నళ్లు పసుపుపచ్చగా మిణుకుమంటున్నప్పుడు, బండి మీద ఒక్కడే పోతుంటే. ఆఫీసు వేళ అయితే కమాన్ దాకా నడక, హైవే మీద షేర్ ఆటో, డ్రైవరు పక్కన సగం సీటు. మెట్రో ఎక్కాక అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలుకు మారడం. అమీర్‌పేట మెట్ల మీద నడవక్కర్లేదు, వెనకవాళ్లే తీసుకుపోతారు.

పూర్వపక్షం: ఇంత అవస్థ ఎందుకు, ఆఫీసున్న గచ్చిబౌలిలోనే ఉండరాదా?

సిద్ధాంతం: ఉండరాదు. అక్కడ ఒక గదికి ఇచ్చేది ఇక్కడ రెండు గదులకు, పిల్లవాడి స్కూలు వ్యానుకు సరిపోతుంది. మిగిలిన సొమ్మును దారి తీసుకుంటుంది, అయితే నిమిషాల్లో. నిమిషాలకు జీతం చీటీలో కోత కనపడదు కనుక బేరం గెలిచామనే అనుకుంటాం. ఈ నిమిషాలైనా ఇంట్లో అందరివీ ఒక ధరవి కావు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. దాంతో చాలా వాటాల్లో ఆయన బండేసుకుని మెట్రోకు, ఆమె నిలబడి బస్సుకు. ఆమె ముందు బయల్దేరి, తర్వాత చేరుతుంది. ఆదా అయింది ఛార్జీ, పోయింది ఆమె నిద్ర. ఇంటి లెక్కలో మొదటిదే రాసుకుంటారు. వచ్చాక వంట ఎవరిదన్నది మూలంలో లేదు, టీకాకూ అక్కర్లేదు.

విశేషాలు: మా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరపు చెరువుల్లో ఈ గౌరవం దేశంలో మొదట దీనికే. చలికాలం దూరదేశాల పక్షులు దిగుతాయి. అడ్వాన్సు అడగని ఏకైక బస అదే గనక వాటి నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. ఆదివారం సాయంత్రాలు గట్టు మీద పిల్లలు, మరమరాల బండి, జూమ్ పెట్టి ఫొటోలు తీసే మామయ్యలు. వారంలో ఈ ఒక్క పూటే కాలనీవాళ్లు పగటి వెలుగులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నలభై మందికి నలభై ఊళ్లు: పాలకొండ, నారాయణఖేడ్, కదిరి, బీదర్. పక్కవాటావాళ్ల ఇంటిపేరు తెలియకపోయినా వాళ్ల షిఫ్టు తెలుసు.

లోపల విచారించండి. విచారమంటే పరిశీలన. పరిశీలించాం. లోపల ఉన్నది ఓనరు కాదు, గ్రౌండ్ ఫ్లోర్‌లో కిరాయికుండే ఆంటీ. తాళాలు ఆమె దగ్గరున్నాయి, ఓనరు నంబరు గోడమీద బొగ్గుతో ఉంది. ఫోన్ చేస్తే ఆయన అడిగిన వరస ఇది: ఎంతమంది ఉంటరు, ఊరేది, ఇంటిపేరేంది, నాన్‌వెజ్ తింటరా. మూడో ప్రశ్న ఉత్తరాల కోసం కాదని వేరే చెప్పనక్కర్లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటితే రిజిస్ట్రేషను తప్పదని లోకుల నమ్మకం గనక పన్నెండో నెల ఈ శాస్త్రంలో లేదు.

"ఒకసారి వచ్చి చూపిస్తారా సార్?" అని అడిగాం.

"నేను ఆడ ఉండ సార్, కూకట్‌పల్లిల కిరాయికున్న. పిల్లల కాలేజీ దగ్గరైతదని."

"సాయంత్రం రాగలరా?"

"సాయంత్రమా? గంటన్నర పడతది సార్ ఆడికి. ఐతారం పొద్దుగాల వస్త, ఖాళీ ఉంటది."