పొడవు కారుకు పొట్టి గడి

విడిగా డిక్కీ ఉండే సెడాన్ తరగతికి చెందిన 1977 నాటి లింకన్ కాంటినెంటల్‌ను అమెరికా నుంచి బ్రిటన్‌కు తెప్పించుకునే షోకిలాలు, ఆ కారు పొడవు దాదాపు 5.9 మీటర్లనీ, అక్కడ పార్కింగ్ గడి సాధారణ పొడవు 4.8 మీటర్లేననీ తెలిసే కొంటారు కనుక, గీత దాటి వెలుపలికి పొడుచుకొచ్చే మీటరు పైచిలుకు ఇనుమును వారి హోదాగానే లెక్కగట్టవలసి ఉంటుంది. స్టీరింగ్ ఎడమవైపున, పార్కింగ్ చీటీ ఇచ్చే యంత్రం కుడివైపున ఉండటంతో, ఒంటరిగా వచ్చిన యజమాని కిందికి దిగి, రెండు మీటర్ల వెడల్పు బానెట్‌కు భక్తిగా ప్రదక్షిణం చేసి చీటీ తెచ్చుకుంటాడు. వెనుక నిలిచినవారి హారన్లు మేళతాళాల లోటు తీరుస్తాయి. మలుపును సూచించే వెనుక దీపాలు ఎర్రగా ఉన్నా అమెరికాలో చెల్లుతాయి గానీ, 1965 సెప్టెంబరు నుంచి వాడుకలోకి వచ్చిన వాహనాలకు బ్రిటన్ నిబంధనలు నారింజ రంగునే కోరుతాయి కాబట్టి, వాటినీ మార్పించక తప్పదు. 40 ఏళ్లు నిండిన బండికి ‘చారిత్రక వాహనం’ కింద వాహన పన్ను మాఫీ అయ్యే మాట నిజమే అయినా, ఎనిమిది సిలిండర్ల 7.5 లీటర్ల ఇంజిన్ తాగే పెట్రోలు మీద సుంకం రూపంలో సర్కారు ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో లాగేసుకుంటుంది. అందువల్ల ఇటువంటి కారు మీద మనసు పడినవారు బేరానికి కూర్చునే ముందు టేపు పట్టుకుని సొంత గ్యారేజీని కొలుచుకోవడం మేలు.