కోర్టు చెట్టుకింద టైపు మిషను

నేను గోద్రెజ్ టైపు మిషన్ని. పుట్టింది బొంబాయిలో. మన దేశం సొంతంగా టైపు మిషన్లు చేసుకోవడం 1955లో మా కంపెనీతోనే మొదలైంది. నా మీటల మీద ఉన్నవి హిందీ అక్షరాలు, వాటిని కొట్టినవి మాత్రం శ్రీకాకుళం వేళ్లు. మా యజమాని తండ్రి ఉక్కు కర్మాగారంలో పనికని భిలాయ్ వలస వచ్చినవాడు. కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. టైపు నేర్చుకుని దుర్గ్ జిల్లా కోర్టు ఆవరణలో ఒక చెట్టుకింద బల్ల వేసుకున్నాడు. ఇల్లు కుమ్హారిలో. పొద్దున్నే లోకల్ ఎక్కి వచ్చేవాడు, దీపాలవేళకి ఇల్లు చేరేవాడు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చింది ముద్దాయిల తరఫు వకీళ్లే. బెయిల్ దరఖాస్తు ఎలా తయారవుతుందో నాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? లెడ్జరు కాగితాల నడుమ రెండు కార్బన్లు. ఎడమ పక్క నాలుగు వేళ్ల ఖాళీ. పైన కోర్టు పేరు, ‘ధారా 439’ అని బెయిల్ సెక్షను. ఆ కింద దరఖాస్తుదారు పేరు, తండ్రి పేరు, ఊరు. నడుమ ‘విరుద్ధ్’. దాని కింద ‘మధ్యప్రదేశ్ శాసన్’, దుర్గ్ అప్పట్లో ఆ రాష్ట్రంలోనే ఉండేది. ఒక పక్క రోజుకూలీ, ఇంకో పక్క పోలీసులూ జైళ్లూ ఖజానా ఉన్న రాష్ట్రం. ఆ తక్కెడ ఎటు మొగ్గి ఉందో ఆ మూడు పంక్తులు కొట్టినప్పుడల్లా నాకు తెలిసేది. రెండో పళ్లెంలో బరువు పెట్టడానికి మిగిలింది వకీలు ఒక్కడే.

మా కోర్టు పేరు దేశమంతా వినిపించింది శంకర్ గుహా నియోగీ హత్య కేసుతో. దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులను కూడగట్టిన మనిషి ఆయన. తర్వాత భిలాయ్ చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడల్లో, మా కుమ్హారిలోనూ, పర్మనెంటు ఉద్యోగం, బతకడానికి సరిపడే జీతం అడగమని కూలీలకు నేర్పాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయ్ హుడ్కో కాలనీలో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. తనను చంపుతారని అంతకుముందే మాటలు రికార్డు చేసి పెట్టుకున్నాడు. దర్యాప్తు సీబీఐ చేపట్టింది.

ఆ కేసు కాగితాలు నేను కొట్టలేదు. కానీ నా బల్ల చుట్టూ వేరే మాట ఉండేది కాదు. ఆ విచారణలో ప్రాసిక్యూషన్ పక్షాన నిలబడ్డవారిలో హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఉన్నారని తెలిసిన రోజు మా యజమాని మొహం వెలిగిపోయింది. శ్రీకాకుళం మనిషికి ఆ పేరు ఒకరు చెప్పాలా? నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు – ఎక్కడ చూసినా ముద్దాయిల తరఫున ఆయనే. నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆపించడానికి పోరాడిన లాయర్లలో ఆయన ఒకరు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో వాళ్లను ఉరి తీసేశారు. ప్రాణం పోయాక అప్పీలు ఉండదని ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

1997 జూన్ 23న దుర్గ్ సెషన్స్ కోర్టు నియోగీ కేసులో ఆరుగురిని దోషులన్నది. కాల్చిన పల్టన్ మల్లాకు ఉరి, పారిశ్రామికవేత్తలతో సహా ఐదుగురికి యావజ్జీవం. ఏడాది తిరిగేసరికి, 1998 జూన్ 26న, జబల్‌పూర్ హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు పల్టన్ మల్లా ఒక్కడికే యావజ్జీవం వేసింది. తక్కినవాళ్ల మీద కుట్ర రుజువు కాలేదని తేల్చింది.

కుమ్హారి కార్మికుల ఇళ్లల్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. ‘ట్రిగ్గరు నొక్కినవాడొక్కడే దొరికాడు, నొక్కించిన చెయ్యి ఏదీ?’ అని మా బల్ల దగ్గరికొచ్చి అడిగారు. ఆ దుఃఖం నిజం, ఆ ప్రశ్నా నిజం. అయినా నేనొకటి చెప్పాలి. ఆ కేసులో ముద్దాయిలను విడిపించిన సంశయలాభం, కన్నబిరాన్ జీవితమంతా పేదవాళ్ల కోసం అడిగిన సంశయలాభం ఒక్కటే. అనుమానం ఎంత బలంగా ఉన్నా అది రుజువు కాదు. ఈ సూత్రం డబ్బున్నవాడికి పెద్ద వకీళ్లతో దొరుకుతుంది, లేనివాడికి అడిగేవాడుంటేనే దొరుకుతుంది. తప్పు సూత్రానిది కాదు, అడిగేవాళ్లు అందరికీ లేకపోవడంలో ఉంది.

అలా అడిగేవాళ్లు ఎంత అవసరమో ఈ నేల మీదే ఇంకోసారి తేలింది. నియోగీ యూనియన్ దల్లీ రాజహరాలో కట్టుకున్న షహీద్ ఆసుపత్రిలో పనిచేసిన పిల్లల వైద్యుడు బినాయక్ సేన్‌ను 2007 మే 14న బిలాస్‌పూర్‌లో అరెస్టు చేశారు. 2010 డిసెంబరు 24న రాయపూర్ సెషన్స్ కోర్టు రాజద్రోహమని యావజ్జీవం వేసింది. ఆ తీర్పు వచ్చిన ఆరో రోజున, డిసెంబరు 30న, కన్నబిరాన్ కన్నుమూశారు. బిలాస్‌పూర్ హైకోర్టులో రాం జెఠ్మలానీ అంతటివాడు వాదించినా సేన్‌కు బెయిల్ రాలేదు. 2011 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఇంట్లో గాంధీ ఆత్మకథ దొరికినంత మాత్రాన మనిషి గాంధేయవాది అయిపోడు కదా, నక్సలైట్ల మీద సానుభూతి ఉన్నంత మాత్రాన రాజద్రోహి ఎలా అవుతాడని న్యాయమూర్తులు అడిగారు.

ఇప్పుడు కోర్టు పనంతా కంప్యూటర్ల మీదే. 2024 జూలై 1 నుంచి నా ‘ధారా 439’ కూడా కొత్త చట్టంలో 483 అయ్యింది. నేను కుమ్హారి ఇంట్లో, మా యజమాని కూతురి బల్ల మీద ఉంటున్నాను. ఆ అమ్మాయి వకీలు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల కేసులు ఉచితంగా వాదిస్తుంది. మొన్నో రాత్రి ఫైలు చదువుకుంటుంటే తండ్రి అడిగాడు.

‘‘వాడు నిజంగా చేసుంటాడంటావా అమ్మా?’’

‘‘తేల్చడానికి జడ్జిగారున్నారు నాన్నా. నిరూపించడానికి సర్కారుంది. చేశాడని సాక్షి చెప్తే ‘నువ్వు చూశావా, ఏ వెలుతుర్లో చూశావు, ఎంత దూరం నుంచి చూశావు?’ అని అడగడానికి వాడికి నేను తప్ప ఎవరున్నారు?’’

మా యజమాని ఇక మాట్లాడలేదు. లేచి కూతురి ఫైలు పేజీలకు నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. రేపు పదకొండింటికి వాయిదా. ముద్దాయి తరఫున అడిగే మనిషి ఉంటుంది.