మూడంగుళాల ముద్దాయి

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో లిటిల్ టెనెసీ నది మీద టెల్లికో ఆనకట్ట కడతామన్నప్పుడు రైతులు పొలాలు పోతాయని మొత్తుకున్నారు. ప్రగతి అన్నాక పొలాలు పోవా అన్నారు పెద్దలు. తమ పాత రాజధాని చోటా మునిగిపోతుందనీ, టెనెసీకి ఆ పేరిచ్చిన తనాసీ ఊరి ఆనవాళ్ళు కూడా మిగలవనీ చెరోకీలు మొరపెట్టుకున్నారు. విన్నారు, రాసుకున్నారు, కాంక్రీటు పోశారు. దాదాపు 300 కుటుంబాల గోడుకి ఆగని పని చివరికి మూడంగుళాల చేప దగ్గర ఆగింది.

కట్టేది టెనెసీ వ్యాలీ అథారిటీ, అందరూ పిలిచే పేరు టీవీఏ. 1933లో పుట్టిన ఈ సంస్థే మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కి నమూనా. కాబట్టి సాంఘిక శాస్త్రం పరీక్ష కోసం ‘బహుళార్థ సాధక ప్రాజెక్టులు’ బట్టీపట్టిన ప్రతి తెలుగువాడూ టీవీఏకి దూరపు చుట్టమే. టెల్లికో పని 1967లో మొదలయ్యే నాటికి కట్టదగిన చోట్లన్నీ దాదాపు అయిపోయాయి. ఇంజనీర్లు మాత్రం మిగిలారు. ఈ ఆనకట్టకి సొంత టర్బైన్ ఒక్కటీ లేదు, కాలువ తవ్వి నీళ్ళని పక్కనున్న ఫోర్ట్ లౌడన్ జలాశయానికి పంపడమే. మరి అర్థాలు బహుళం కావడం ఎలా? పడవ షికారుంది, సరస్సు ఒడ్డున స్థలాల బేరముంది, బోయింగ్ కంపెనీతో కలిసి కట్టబోయే నమూనా నగరముంది. సేకరించిన భూమి సుమారు 38,000 ఎకరాలు, అందులో నీళ్ళు నిలిచేది సగం కన్నా తక్కువ. 1975లో బోయింగ్ తప్పుకుంది. నగరం కాగితం మీదే ఉండిపోయినా ఆనకట్ట మాత్రం పెరుగుతూనే పోయింది.

1973 ఆగస్టులో టెనెసీ విశ్వవిద్యాలయంలో చేపల మీద పనిచేసే డేవిడ్ ఎట్నియర్ ముఖానికి అద్దాలు తగిలించుకుని, కోయ్టీ స్ప్రింగ్ దగ్గర లోతులేని నీళ్ళలో తల ముంచి గులకరాళ్ళ మధ్య గాలిస్తున్నారు. రాళ్ళ రంగులో కలిసిపోయి, వీపు మీద నాలుగు నల్లటి అడ్డపట్టీలతో ఒక చిన్న చేప కనిపించింది. నత్తలు తిని బతికే చేప కాబట్టి స్నెయిల్ డార్టర్ అన్నారు, ఇంకెక్కడా లేదనుకున్నారు. అప్పటికే 130 రకాల దాకా డార్టర్లున్నాయి. ఇంకొకటి కలిస్తే మ్యూజియం వాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదు. కానీ ఆ డిసెంబరులోనే అధ్యక్షుడు నిక్సన్ అంతరించిపోతున్న జీవుల చట్టం మీద సంతకం పెట్టారు. ఆ సంతకం వేళ నాయకుల మనసుల్లో గద్దలూ, ఎలుగుబంట్లూ, తిమింగలాలూ ఉండి ఉంటాయి. నత్తలు తినేది కూడా జీవమేనన్న ఊహ రాలేదు.

టర్మ్ పేపర్‌కి అంశం వెతుక్కుంటున్న హైరమ్ హిల్ అనే లా విద్యార్థికి ఆ ఊహ వచ్చింది. ఆయన ప్రొఫెసర్ జిగ్మంట్ ప్లేటర్ చేపని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. 1978లో ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ గ్రిఫిన్ బెల్ స్వయంగా నిలబడి, చిన్న సీసాలో పెట్టిన చచ్చిన స్నెయిల్ డార్టర్‌ని న్యాయమూర్తులకి చూపించారు. ఇంతోటి దానికా పదికోట్ల డాలర్ల పని ఆపడం అని భావం. ఇదే ప్రభుత్వంలో వన్యప్రాణుల్ని చూసుకునే ఇంటీరియర్ శాఖ మాత్రం చేప వైపే నిలిచింది. ఆ అభిప్రాయాన్ని కూడా ప్రభుత్వ వాదనకే అనుబంధంగా కుట్టి కోర్టుకిచ్చారు. వాదనా ఖండనా ఒకే కట్టలో అందితే కోర్టుకీ శ్రమ తగ్గుతుంది కదా! 6-3 తేడాతో చేప గెలిచింది. ఖర్చెంతైనా జాతుల్ని కాపాడమని మీరే రాశారు, మేం రాసింది రాసినట్టు చదివామన్నారు ప్రధాన న్యాయమూర్తి బర్గర్.

రాసినవాళ్ళకి గుండె జారింది. టెనెసీ సెనేటర్ హోవర్డ్ బేకర్ పూనుకుని చట్టాన్ని సవరింపజేశారు. ఏ జాతికి భూమ్మీద నూకలు చెల్లాయో ఓటేసి తేల్చడానికి ఏడుగురితో కమిటీ ఒకటి పుట్టింది. జనం దానికి దేవుళ్ళ కమిటీ అని పేరు పెట్టారు. పాపం, యమధర్మరాజుకి చిత్రగుప్తుడి చిట్టా ఒక్కటే దిక్కు. వీళ్ళకి మెజారిటీ కూడా ఉంది, ఏడింట అయిదు.

1979 జనవరిలో దేవుళ్ళు కొలువుతీరారు. అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు చార్లెస్ షుల్జ్ చేప జోలికే పోలేదు, చిట్టా తెరిచారు. పని 95 శాతం అయిపోయింది. అప్పటిదాకా పోసిందంతా ఉత్తినే వచ్చిందనుకుని, మిగిలిన అయిదు శాతం ఖర్చు పక్కన మొత్తం ప్రాజెక్టు లాభాన్ని పెట్టి చూసినా గిట్టదని తేల్చారు. ఏడుగురూ ఏకగ్రీవంగా ఆనకట్ట వద్దన్నారు. అధ్యక్షస్థానంలో ఉన్న ఇంటీరియర్ మంత్రి సెసిల్ ఆండ్రస్‌కి ఒకటే బాధ: మొదటినుంచీ దండగమారి పనిని ఆపిన ఘనత ఒక చేప కొట్టేస్తోందే అని. అక్కడ బయటపడ్డవి టీవీఏ కాకిలెక్కలు. మర్నాడు జనం గుర్తుంచుకున్నది మాత్రం చేపనే.

దేవుళ్ళు మాట వినకపోతే దొడ్డిదారి ఉండనే ఉంది. ఆ జూన్‌లో, దాదాపు ఖాళీగా ఉన్న ప్రతినిధుల సభలో, టెనెసీ సభ్యుడు జాన్ డంకన్ నీటి ప్రాజెక్టుల నిధుల బిల్లుకి ఒక సవరణ తగిలించారు. చదవలేదు, చర్చించలేదు. 42 సెకన్లలో పని ముగిసింది. ఏ చట్టం ఏమన్నా సరే టెల్లికో పూర్తిచేయాలన్నది దాని సారం. సెప్టెంబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టారు, నవంబరు 29న గేట్లు దిగాయి. శాస్త్రవేత్త, లాయరు, న్యాయమూర్తి, ఆర్థికవేత్త ఇన్నేళ్ళు పడ్డ కష్టానికి రాజకీయం చెల్లించుకున్న సమయం నిమిషం కూడా లేదు.

టీవీఏ అంతకుముందే కొన్ని వందల చేపల్ని పట్టి హైవాసీ నదిలో వదిలింది. 1980లో ఎట్నియర్ సౌత్ చికమాగా వాగులో మరికొన్నిటిని చూసి, చూశానని చెప్పారు. ‘చూశారా, ఎక్కడా లేదన్నవాడే ఇంకోచోట చూపించాడు’ అని ఆనకట్ట పక్షం ఎగిరి గంతేసింది. కొత్త సంగతి తెలిస్తే పాత మాట దిద్దుకోవడం శాస్త్రవేత్తల జబ్బు. లెక్క తప్పిన ఇంజనీర్లకి అది సోకిన దాఖలా లేదు. 2022లో స్నెయిల్ డార్టర్‌ని ప్రమాద జాబితాలోంచి తీసేశారు. జలాశయాల నుంచి వదిలే నీటిని మెరుగుపరిచినందుకు ఆ విజయంలో టీవీఏకి కూడా వాటా దక్కింది. రైతుల దగ్గర తీసుకున్న నేల మీద ఇప్పుడు గోల్ఫ్ మైదానాలున్నాయి, రిటైరైన వాళ్ళకి సరస్సు కనిపించే ఇళ్ళున్నాయి.

2025 జనవరిలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ నియర్ బృందం జన్యువులు పరిశీలించి, స్నెయిల్ డార్టర్ వేరే జాతే కాదు, అర్కన్సా వైపు నదుల్లో బతికే స్టార్‌గేజింగ్ డార్టరే అని ప్రకటించింది. మేమప్పుడే అన్నాం అనేవాళ్ళు మళ్ళీ లేచారు. షుల్జ్ లెక్కలో చేప జాతికి గడే లేదన్న సంగతి ఎత్తినవాళ్ళు తక్కువ.

అదే నెలలో అధ్యక్షుడు ట్రంప్ ఇంధన అత్యవసర పరిస్థితి ప్రకటిస్తూ, ఎప్పుడో గానీ కూర్చోని దేవుళ్ళ కమిటీని మూడు నెలలకోసారి సమావేశం కమ్మన్నారు. దరఖాస్తులు లేకపోయినా సెలవు లేదు. అంతరించిపోతున్న జీవుల చట్టం వల్ల ఇంధన పనులకి ఎక్కడెక్కడ అడ్డంకులున్నాయో వెతుకుతూ కూర్చోవాలి.