కుడి చెవి సంసారానికి

మా ఇంట్లో నేను జాజ్ వినేది ఎడమ చెవితో. కుడి చెవి సంసారానికి రాసిచ్చేశాను.

వినికిడి లోపమేమీ లేదు. హాల్లో నా కుర్చీకి కుడి పక్కన వంటిల్లు. "ఏవండీ" అన్న పిలుపు వచ్చేది అటునుంచే. మొదటి పిలుపుకి పలికితే కరివేపాకు రెమ్మతో సరిపోతుంది. మూడో పిలుపు దాకా ఆగితే పెళ్ళిలో మావాళ్ళు అడిగిన స్కూటరు ప్రస్తావన వస్తుంది. అందుకని నా ఇయర్‌ఫోన్లలో కుడి బుడిపె ఎప్పుడూ చొక్కా మీద వేలాడుతూ ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుందని చాలా ఏళ్ళకిగాని తెలియలేదు. మనకి పంచరత్న కీర్తనలెలాగో జాజ్ వాళ్ళకి మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అలాగ. అందులో శాక్సఫోన్ వాయించేవాళ్ళు ఇద్దరు. స్టీరియోలో జాన్ కోల్‌ట్రేన్ ఎడమ పక్క వినిపిస్తాడు, కానన్‌బాల్ ఆడర్లీ కుడి పక్క. నాకేమో కోల్‌ట్రేన్ చెవిలో నోరు పెట్టి మాట్లాడినట్టుండేది, ఆడర్లీ పక్కింటి డాబా మీద నుంచి ఎవరినో పిలుస్తున్నట్టుండేది. పాపం ఆయన ఆ రోజు స్టూడియోకి ఆలస్యంగా వచ్చాడేమో, గుమ్మం బయటే నిలబెట్టి వాయించమన్నారేమో అని జాలిపడ్డాను. ఒకసారి మావాళ్ళంతా పెళ్ళికెళ్ళినప్పుడు రెండు బుడిపెలూ పెట్టుకుంటే ఆడర్లీ ఒక్కసారిగా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాను కూడా.

ఈ పిచ్చి నాకు మా చిన్న మామయ్య నుంచి వచ్చింది. ఆయన రైల్వేలో గుమస్తా. ప్రమోషన్ పరీక్షకి ఇంగ్లీషు మెరుగు చేసుకోవాలని రాత్రిళ్ళు షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవాడు. అందులో విల్లిస్ కనోవర్ అనే ఆయన 1955 నుంచీ జాజ్ వినిపించేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళక్కూడా అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి, బియ్యంలో రాళ్ళేరినంత నిదానంగా పలికేవాడు. దేశదేశాల్లో ఆయన గొంతు తెలుసు, అమెరికాలో మాత్రం తెలీదు. ఆ రేడియో సొంత గడ్డ మీద ప్రసారం చెయ్యకూడదని అప్పట్లో వాళ్ళ చట్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ ఒక్కటే గెలిచాడు. నాకైతే ఇప్పటికీ రెండూ లేవు.

మామయ్య పరీక్ష తప్పాడు, నాకు జాజ్ అంటుకుంది. ఆ రేడియోలో పాట అలల మీద తేలి వచ్చినట్టు వచ్చేది, పోయేది. ట్రంపెట్ ఊపందుకునే సరికి ఏ దేశం వాళ్ళదో వార్తాహరుడు మధ్యలో దూరి గబగబా ఏదో చెప్పి పోయేవాడు. జాజ్ అంటేనే ఇలా ముక్కలు ముక్కలుగా వచ్చే సంగీతమని కొన్నాళ్ళు నిజంగా అనుకున్నాను. పెళ్ళయ్యాక ఆ అభిప్రాయం మళ్ళీ బలపడింది.

కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' నిడివి 33 నిమిషాలు, నాలుగు భాగాలు. రికార్డుకెక్కిందంతా 1964 డిసెంబరు 9న ఒక్క పూటలో వాయించేశారు. దాన్ని వినడానికి నాకు పట్టిన కాలంలో వాళ్ళు ఇంకో పాతిక రికార్డులు చేసేవాళ్ళు. మొదటి భాగం పళ్ళ డాక్టరు దగ్గర విన్నాను. రెండోది మావాడి ట్యూషన్ గేటు ముందు, స్కూటరు మీద. మూడోది లిఫ్టులో ఇరుక్కుపోయినప్పుడు. కరెంటు పోయి పది నిమిషాలకి పైగా చీకట్లో ఉన్నాను, ఆ భాగం కూడా సరిగ్గా పది నిమిషాల పైచిలుకు. తలుపు తెరిచిన వాచ్‌మన్ "అలారం ఎందుకు కొట్టలే సార్?" అని కంగారుగా అడిగాడు. ఏం చెప్పను? డ్రమ్ముల వంతు నడుస్తోందని చెప్పనా? నాలుగో భాగం కోల్‌ట్రేన్ తను రాసుకున్న ప్రార్థనని శాక్సఫోన్ మీద పలికించడం. అది ఇంకా బాకీ ఉంది. ప్రార్థన కదా, తీరిగ్గా వినాలని ఆగాను.

ఇక మా ఆవిడ సంగతి. పెళ్ళికి ముందు తొమ్మిదేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. ఇప్పుడు ఆదివారాలు శ్రుతి పెట్టె పెట్టుకుని ఓ గంట సాధన చేస్తుంది. నా సంగీతం మీద ఆమెకి అభ్యంతరమేమీ లేదు, అభిప్రాయం కూడా లేదు. ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఫ్యాను మీద మనకి అభిప్రాయం ఉంటుందా, అలాగ.

అబిడ్స్ ఆదివారం బజారులో నాకు 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత ఎల్పీ దొరికింది. నాలుగొందలు. ఇంట్లో నూట యాభై అని చెప్పాను. స్నేహితుడొకడు ఇల్లు మారుతూ వదిలించుకున్న రికార్డు ప్లేయరు మీద దాన్ని పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ కూర్చున్నాను. మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొదటి వైపు అయింది. రెండో వైపు తిప్పాను. కాసేపటికి తువ్వాలు దులుపుతూ అంది: "మొదటి వైపు శ్రుతి కొంచెం పెరిగిందండీ. ఇది బాగానే ఉంది."

నాకు ఒళ్ళు మండింది. "వాయించేది మైల్స్ డేవిస్. ఆయనకి శ్రుతి చెప్తావా?"

"ఆయనకెందుకు చెప్తాను, మీకు చెప్తున్నా."

మర్నాడు అనుమానం మొదలైంది. తప్పు ప్లేయరుదే అని తేల్చుకుని ఏడొందలు పెట్టి కొత్త బెల్టు వేయించాను. వోల్టేజీ తేడా ఉందేమోనని స్టెబిలైజరు కొన్నాను. "మిషన్ తప్పయితే రెండో వైపు కూడా పెరగాలి కదా" అని ఆవిడ అంది. తర్కం నాకు వినిపించింది గానీ అది కుడి చెవిలో పడింది. ఎనిమిది నెలల తర్వాత ఒక కొత్త ఎడిషన్ గురించి చదువుతుంటే కళ్ళు తిరిగాయి. మొదటి వైపు మూడు పాటలూ వాయించింది 1959 మార్చి 2న. ఆ రోజు న్యూయార్క్ స్టూడియోలో అసలు టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మామూలు వేగంతో వినిపిస్తే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి జరుగుతుంది. రెండో వైపు పాటలు ఏప్రిల్ 22వి, వాటికి ఈ జబ్బు లేదు. సరిచేసిన ఎడిషన్ 1992లో గానీ రాలేదు. నిమిషానికి ముప్ఫైమూడు చుట్లు తిరిగే రికార్డులో ముప్ఫైమూడేళ్ళు నిలిచిన తప్పు. దాన్ని మా ఆవిడ పిల్లాడి స్కూలు నిక్కరు మడతపెట్టే లోపల పట్టేసింది.

ఈ సంగతి వెంటనే చెప్పేటంత వెర్రివాణ్ణి కాను. మా పెళ్ళిరోజు దాకా దాచి, కానుకగా విప్పి చెప్పాను. శ్రద్ధగా విని, "బాగుందండీ. చీరేదీ?" అంది.

మావాడికి పదకొండేళ్ళు. మృదంగం నేర్చుకుంటున్నాడు, అంటే కంచం, బల్ల, చెల్లెలి వీపు, దేన్నీ వదలడు. డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన 'టేక్ ఫైవ్' పెట్టుకున్నానొకసారి. ఐదు మాత్రల నడకతో జగమంతా తిరిగిన పాట అది, కట్టింది ఆ బృందంలోని పాల్ డెస్మండ్. దాని విశేషం వాడికి బోధపరుద్దామని గొంతు సవరించుకున్నాను. వాడు ఇడ్లీ నములుతూనే, "ఖండచాపే కదా నాన్నా, తిరగేసి వేస్తున్నారు. మనది తక తకిట, వీళ్ళది తకిట తక" అని చట్నీ అడిగాడు. బోధ గొంతులోనే ఉండిపోయింది. నేను పుస్తకం చూసి మూడూ రెండూ ఐదని కాగితం మీద కూడుకున్న లెక్క అది.

అసలు మనిషి మా అత్తగారు. ఆవిడది పాలకొల్లు. మోకాళ్ళ నొప్పులకి హైదరాబాదులో మందు వాడదామని మూణ్ణెల్లకి వచ్చి, మందు గుణమిచ్చినా మమ్మల్ని చూసి జాలేసి ఉండిపోయారు. మొదట్లో నా జాజ్ విని, "అల్లుడుగారూ, వాళ్ళు ఇంకా శ్రుతి సరిచేసుకుంటున్నారా అండీ? పాటెప్పుడు మొదలెడతారు?" అని అడిగేవారు. ముందు పల్లవిలాంటిది అందరూ కలిసి వాయిస్తారు, ఆపైన ఒక్కొక్కరూ వంతులవారీగా కల్పన చేస్తారు, చివర మళ్ళీ పల్లవికి వస్తారని వివరించాను. "మరి మొదలెట్టిన చోటికే రావడానికి అంత దూరం వెళ్ళడం దేనికండీ?" అన్నారు. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళాలన్నా ముందు దారి అడిగి బయల్దేరే మనిషి.

నా వైపు ఒక్క ఆధారం ఉంది, బయటికి తీశాను. మాండొలిన్ శ్రీనివాస్ ఆవిడ ఊరివాడే. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశాడు. పెద్దయ్యాక జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ఊళ్ళు తిరిగి వాయించాడు. ఇది చెప్పగానే ఆవిడ చేటలో బియ్యం పక్కన పెట్టారు. "సత్యనారాయణగారబ్బాయి అక్కడ కూడా వాయించాడా? అయితే అది మంచి సంగీతమే అయ్యుంటుందండీ. లేకపోతే వెళ్ళడు." కోల్‌ట్రేన్ వల్ల కాని పని పాలకొల్లు వల్ల అయింది. ఆ రోజు నుంచి వంటింట్లో స్పీకరు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది.

అక్కడ మొదట పెట్టింది కీత్ జారెట్ కొలోన్ కచేరీ. ఒంటరి పియానో, ముందుగా రాసుకున్నది దాదాపు లేదు, కూర్చుని అప్పటికప్పుడు అల్లుకుపోవడమే. మొదటి ముక్కే ఇరవయ్యారు నిమిషాలు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది: జారెట్ వాయిస్తూ మూలుగుతాడు. సన్నగా, ముక్కుతో, ఒక్కోసారి గట్టిగా. అభిమానులకి అది తన్మయత్వం. మా అత్తగారు పొయ్యి దగ్గర గరిట ఆపి విన్నారు. "ఆ పిల్లాడికి నడుం నొప్పండీ" అన్నారు.

నేను నవ్వాను. అది సృజనావేశమని, లోపలి రాగం గొంతులోంచి తన్నుకొస్తోందని చాలా చెప్పాను. "కాదండీ. నాకు తెలుసు. కూర్చున్నచోట సర్దుకునేటప్పుడు వచ్చే మూలుగది" అని గరిట తిప్పడంలో పడ్డారు.

ఆ రాత్రి ఆ కచేరీ కథ వెతికి చదివాను. 1975 జనవరి 24, కొలోన్ ఒపెరా హౌస్. ఒపెరా అయ్యాక రాత్రి పదకొండున్నరకి కచేరీ. ఏర్పాటు చేసింది వేరా బ్రాండెస్ అని పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. జారెట్ అడిగిన పియానో ఒకటి, వేదిక మీదికి వచ్చింది ఇంకోటి. సాధన కోసం వాడే చిన్నది, పై స్థాయి రేకు డబ్బాలా మోగుతుంది, పెడల్సు సరిగ్గా పనిచెయ్యవు. వాయించనంటే వాయించనన్నాడు. ఆ అమ్మాయి బతిమాలి ఒప్పించింది. పలికే మెట్ల మీదనే ఎక్కువగా తిరిగి, ఎడమ చేత్తో ఒకే చాలుని మళ్ళీ మళ్ళీ మోగించి గట్టెక్కాడు. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. ఇదంతా సరే. మధ్యలో ఇంకో వాక్యం ఉంది: అంతదూరం కారులో కూర్చుని రావడం, నిద్ర లేకపోవడం, నడుం నొప్పి. ఆ రాత్రి నడుముకి పట్టీ బిగించుకుని వాయించాడట.

పొద్దున్నే ఒప్పుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. పియానో సంగతికి మాత్రం నిట్టూర్చారు. "పెళ్ళికి అద్దెకి తెచ్చిన గుండిగలూ అంతేనండీ. సొట్ట లేనిది ఒకటుంటుందా? వంటవాడు దాంట్లోనే దింపాలి."

అప్పట్నుంచీ ఆ రికార్డు నాది కాకుండా పోయింది. ఆవిడకి కుక్కరంటే నమ్మకం లేదు, కందిపప్పు ఇత్తడి గిన్నెలోనే ఉడకాలి. పప్పు పొయ్యెక్కించగానే, "అల్లుడుగారూ, ఆ నడుం నొప్పబ్బాయిని పెట్టండి" అంటారు. మొదటి ముక్క అయ్యేసరికి బద్ద నలగాలి. నలక్కపోతే కొట్టువాడు పాత పప్పు అంటగట్టినట్టు. జారెట్‌కి ఇలాంటి ప్రయోజనం ఉందని విమర్శకులెవరూ రాయలేదు. నేను విన్నదానికన్నా ఆవిడే ఎక్కువసార్లు విన్నారు. ఏడో నిమిషంలో పోపు గింజలు తీస్తారు, ఎక్కడ మూలుగుతాడో అక్కడ "అమ్మా" అని తనూ ఓ మోకాలి మూలుగు కలుపుతారు. అదీ తాళంలోనే పడుతుంది.

మొన్నీమధ్య ఓ పాత వార్త నా కంటబడింది. 2018లో జారెట్‌కి రెండుసార్లు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క దెబ్బతింది, కచేరీలు మానేశాడు. వాయిస్తే కుడి చేత్తోనే. చెప్పాలా వద్దా అనుకుంటూనే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆవిడ చేతిలో పప్పు గిన్నె ఉంది.

"ఒంటి చేత్తోనా?"

"అవునండీ. కుడి చేత్తో."

"ఎన్నేళ్ళుంటాయి?"

"1945లో పుట్టాడు. మీకంటే రెండేళ్ళు పెద్ద."

ఇన్నాళ్ళూ పిల్లాడు, అబ్బాయి అన్న మనిషి తనకన్నా పెద్దవాడని తెలిసి కొంచెం తికమకపడ్డారు. గిన్నెలో నీళ్ళు పోశారు. పొయ్యి వెలిగించారు.

"ధన్వంతరం తైలం రాస్తే గుణం కనిపిస్తుందండీ. మా పెదనాన్నగారికి చెయ్యి వచ్చింది. గోరువెచ్చగా చేసి, పై నుంచి కిందికి రాయాలి. రాసిపెట్టడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారంటారా?"

నాకు తెలీదన్నాను.

"సరే, పెట్టండి. పప్పు పొయ్యెక్కించాను."