కార్గోలో దిగిన కాకరపొడి

శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లోని మిర్కాబ్ బస్టాండు దగ్గర నిలబడితే రాజంపేట, రాయచోటి, కోడూరు, అమలాపురం యాసలన్నీ ఒక్కచోటే వినిపిస్తాయి. ఎక్స్ఛేంజీల ముందు డబ్బు పంపేవాళ్ల క్యూలు, కార్గో పెట్టెలకు టేపు చుట్టేవాళ్ల చప్పుడు, ఊరినుంచి పార్శిల్ అందుకుని రూముకు మోసుకెళ్లేవాళ్ల ఆనందం. ఆ పార్శిళ్లలో గోంగూర పచ్చడికీ అరిసెలకీ మధ్య ఈమధ్య ఒక పొట్లం తప్పకుండా దిగుతోంది. షుగర్ పొడి. అరిసెలు తినడానికి, పొడి ఆ అరిసెలకు ప్రాయశ్చిత్తానికి. అమ్మ రెండూ కలిపే పంపుతుంది.

అలాంటి పొట్లమొకటి చేతికొచ్చింది. 200 గ్రాములు, 1,500 రూపాయలు. ముందువైపు జటలు కట్టిన ముని, ఆయన పక్కన ఎర్రటి లివర్ బొమ్మ. ముని చెయ్యెత్తి లివర్‌ను ఆశీర్వదిస్తున్నాడు. వెనకవైపు ఏడు మూలికల పేర్లు: కాకర, మెంతులు, నేరేడు గింజలు, పొడపత్రి, తిప్పతీగ, మానుపసుపు, నేలవేము. ఆ కింద హామీ: లివర్‌ను శుద్ధి చేసి షుగర్‌ను మూలంనుంచి తొలగించునట, 40 రోజుల కోర్సట, సైడ్ ఎఫెక్టులు అసలే లేవట. బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు, ఏ మూలిక ఎంత వేశారో లేదు. ఫోన్ నంబరు మాత్రం నాలుగు చోట్ల ఉంది.

ముని లివర్ మీద కన్నేయడంలో తప్పులేదు. మనం ఏమీ తినని రాత్రివేళ కూడా రక్తంలో గ్లూకోజ్ ఉండాలి కదా, దాన్ని సరఫరా చేసేది లివరే. దాచిపెట్టుకున్న గ్లైకోజెన్‌ను విడగొడుతుంది. అది తగ్గేకొద్దీ లాక్టేట్ నుంచీ అమైనో ఆమ్లాల నుంచీ కొత్తగా గ్లూకోజ్ తయారుచేస్తుంది. ఇన్సులిన్ వచ్చి ‘ఇక చాలు’ అంటే తగ్గించాలి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల లివర్ ఆ మాట సరిగా వినదు. బ్యాచిలర్ మెస్సులో అందరూ తిని పడుకున్నాక కూడా వంటవాడు డేక్సాల కొద్దీ అన్నం వారుస్తూనే ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. అందుకే రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున్నే మీటరు 180 చూపిస్తుంది. ఇక్కడ కడగాల్సిన మురికి ఎక్కడుందో ముని చెప్పడు. గిన్నెలు తోమినంత మాత్రాన ఆ వంటవాడు ఆగడు.

అతన్ని ఆపే మందు ఒకటుంది. అది చెట్టు పుణ్యమే! ఈ సంగతి పొడి అమ్మేవాళ్లకు తెలియదు కాబట్టి సరిపోయింది, తెలిస్తే పొట్లం మీద అదీ అచ్చేసేవాళ్లు. యూరప్‌లో గలేగా అనే మొక్కను పాతకాలం నుంచి వైద్యంలో వాడేవారు. పశువులు మేస్తే చచ్చేంత విషం అందులో ఉంది. ఆ మొక్కలోని గలెజీన్‌ను 1920ల్లో షుగర్ రోగులకు ఇచ్చి చూశారు, విషగుణం వల్ల వదిలేశారు. దానికి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు అది షుగర్‌ను తగ్గిస్తుందని రోగుల మీద చూపించాడు. లివర్ కొత్త గ్లూకోజ్ తయారుచేయడాన్ని తగ్గించడమే దాని ముఖ్యమైన పని. ఆపిల్ చెట్టు బెరడు కథా ఇలాంటిదే. అందులోంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అడుగుజాడల్లోనే, అదనపు చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్లలు వచ్చాయి.

కాబట్టి ముని గారూ, చెట్లలో మందు లేదని ఎవరూ అనలేదు. పనిచేసేదేమిటో పట్టుకుని, విషాన్ని తప్పించి, ఎన్ని మిల్లీగ్రాములో తేల్చడానికి శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. తమరికి ఒక మిక్సీ, ఒక యూట్యూబ్ చానల్ సరిపోయాయి.

ఇప్పుడు పొట్లం లెక్క చూద్దాం. 200 గ్రాములు, 40 రోజులు, అంటే రోజుకు 5 గ్రాములు. ఏడు మూలికలూ సమంగా వేశారనుకుంటే (అంత ధర్మాత్ములనే అనుకుందాం) మెంతుల వంతు గ్రాములో మూడొంతులకన్నా తక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1990ల్లో మెంతుల మీద చేసిన పరిశోధనల్లో రోజుకు 25 గ్రాములు, 100 గ్రాములు కూడా పెట్టి చూశారు. ప్రయోజనం కనిపించింది. అదీ ఎక్కువగా మెంతుల జిగురుపీచు పేగుల్లో చక్కెర పీల్చుకోవడాన్ని నెమ్మదింపజేయడం వల్ల. అందులో లివర్ శుద్ధి ఊసే లేదు. మానుపసుపులోని బెర్బెరిన్ పరిశోధనశాలలో లివర్ కణాల మీద నిజంగానే ప్రభావం చూపిస్తుంది, కానీ నోటితో మింగితే రక్తంలోకి చేరేది అతి స్వల్పం. కాకర మీద జరిగిన ప్రయోగాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, షుగర్‌కు అది పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2012లో తేల్చింది. కాకరకాయ వేపుడుకు ఈ తీర్పు వర్తించదు. నిక్షేపంగా తినండి.

అమ్మేవాళ్ల అసలు గారడీ పొడపత్రితో. కాస్త ఆకు నమిలించి, తర్వాత నోట్లో పంచదార వేస్తారు. ఇసుక నమిలినట్టుంటుంది. “చూసినావా అన్నా, నీ షుగర్ సచ్చిపోయింది!” అని చప్పట్లు కొడతారు. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపి తెలిసే చోట్లను కాసేపు మూసేస్తాయి, అంతే. చచ్చింది రుచి ఒక్కటే. మింగిన పంచదార శుభ్రంగా రక్తంలోకి చేరింది.

రెండో గారడీ పథ్యం. ఈ పొడి వాడే 40 రోజులూ తెల్లన్నం వద్దు, చక్కెర టీ వద్దు, పెప్సీ వద్దు, రాత్రి ఎనిమిదిలోపు భోజనం, రోజూ గంట నడక అని ఫోన్లో చెబుతారు. పొడి తీసేసి పథ్యం ఒక్కటే చేసినా చాలామందికి షుగర్ తగ్గుతుంది. తగ్గితే కీర్తి మునిది. తగ్గకపోతే తప్పు మనది: “మజ్బూస్ అన్నం తినుంటావు లే.”

“ఇంగ్లీషు మందు కిడ్నీలు తింటాది” అన్నది వీళ్ల తారకమంత్రం. కిడ్నీలను తినేది అదుపు తప్పిన షుగరే. కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు, లేదా ఆపుతారు. దాన్ని తిరగేసి, మందే దెబ్బతీసిందని ప్రచారం.

ఇక ‘సైడ్ ఎఫెక్టులు లేవు’ అన్న మాట. పొట్లంలో ఐదో పేరు తిప్పతీగ. దాన్ని వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబయి వైద్యులు రాశారు. మరుసటి ఏడు దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 కేసులతో ఇంకో నివేదిక వచ్చింది. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, వాదం నడిచింది. సరే, వాదం నడుస్తున్న మూలికనే లివర్ మందని అమ్మడానికి ఎంత ధైర్యం ఉండాలి! ముని ఆశీర్వదిస్తున్నది లివర్‌నో, లివర్ డాక్టర్లనో తెలియడం లేదు.

పొడి నిజంగానే బ్రహ్మాండంగా పనిచేస్తే మరీ భయపడాలి. షుగర్ బిళ్లలనే నూరి కలిపిన ‘మూలికా’ మందులు ఎన్నో దేశాల్లో దొరికాయి. 2008లో సింగపూర్‌లో మగతనానికని అమ్మిన నకిలీ మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి, షుగరే లేని వందమందికి పైగా రక్తంలో చక్కెర పడిపోయి ఆసుపత్రుల పాలయ్యారు. నలుగురు చనిపోయారు. మిర్కాబ్‌నుంచి ఫహాహీల్‌దాకా బండి తోలే హౌస్ డ్రైవరుకు స్టీరింగ్ మీద షుగర్ పడిపోతే పక్కన ముని ఉండడు.

జనం ఎందుకు కొంటున్నారో తెలియదని కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ క్లినిక్‌లో విదేశీయులకు మందుల మీద 5 దినార్ల రుసుము పెట్టారు. కఫీల్ (యజమాని) సెలవివ్వడు. అయితే ఈ పొట్లం ఖరీదుకు కార్గో కూలి కలిపితే ఆ 5 దినార్లూ దాటిపోతాయి. ఊళ్లో మెట్‌ఫార్మిన్ బిళ్ల రెండు మూడు రూపాయలు. పైగా కువైట్ 2021 లెక్కల్లో షుగర్ శాతంలో ప్రపంచంలోనే మూడో స్థానంలో ఉన్న దేశం. పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉంది. ఇక్కడి ముబారకియా బజారులో మూలికలమ్మే అత్తార్ కొట్లలో మెంతులు, నల్లజీలకర్ర బస్తాల్లో ఉంటాయి. పొడులతోనే పోయేదైతే, ఇంత డబ్బున్న దేశం దస్మాన్ డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్ కట్టుకునే బదులు ఇంకో నాలుగు అత్తార్ కొట్లు తెరిచేది.

పొడి తినేవాళ్లకు ఒక్కటే మనవి. వాడుతున్న బిళ్ల ఆపొద్దు, పొట్లం దాచకుండా డాక్టరుకు చూపించండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోండి, దాని ముందు ఏ గారడీ సాగదు. ఊళ్లో ఉన్న తమ్ముడికో బావమరిదికో ఇంకో పని అప్పగించండి. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాయమనండి. ఫోన్ నంబరు పొట్లం మీద నాలుగు చోట్ల ఉంది.