జానెడు పగడం, ఎకరం మిర్చి

హాల్లో సముద్రం లేనిదే ఇల్లు ఇల్లు కాదట ఇప్పుడు. గాజు తొట్టి, నీలం లైట్లు, బకెట్లలో దిగే ఉప్పు, అది కలపడానికి ఆర్వో నీళ్లు, అందులో పగడాలు. మే నెలలో 45 డిగ్రీలకు కాలే సారపాకలో, 30 దాటితే నీరసించే జీవికి చిల్లర్ పెట్టి మరీ కాపురం! హాల్లో నీళ్లంటే ఈ ఊరికి కొత్తేం కాదనుకోండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇక్కడ చాలా హాళ్లు ఉచితంగానే అక్వేరియాలయ్యాయి. ఉప్పు ఒక్కటే తక్కువ.

తొట్టి దాకా ఓర్చుకున్నాను. పగడానికి పట్టిన పురుగేదో కనిపెట్టే ఈ కొత్త విద్యను మాత్రం ఓర్చుకోలేను.

మా తోడల్లుడు రాత్రి పదకొండింటికి ఇంట్లో లైట్లన్నీ ఆర్పించి, ఎర్ర టార్చి పట్టుకుని తొట్టి ముందు బాసింపట్టు వేస్తాడు. ఎర్ర వెలుగు ఆ పురుగులకు సరిగా ఆనదట. పిల్లలు దగ్గకూడదు, ఆడవాళ్లు గిన్నెలు చప్పుడు చేయకూడదు. ముందు దొరికేది బ్రిసిల్ వార్మ్. పాపం, మిగిలిన మేతా కుళ్లిన చెత్తా తిని తొట్టి శుభ్రం చేసే జీవి అది. చచ్చిన పగడం దగ్గర కనపడింది కాబట్టి హంతకి అదేనని పట్టకారుతో లాగేస్తారు. అసలు దొంగ ఫ్లాట్‌వార్మ్. తాను కొరికే కొమ్మ రంగులోనే కలిసిపోతుంది. కొరికినచోట గుండ్రటి తెల్ల మచ్చలు, కొమ్మ మొదట్లో గుడ్ల గుంపు, ఇవే దాని ఆనవాళ్లు. మందునీళ్లలో పగడాన్ని ముంచితే పురుగు రాలుతుంది, గుడ్లు మిగులుతాయి. కాబట్టి వారం వారం మళ్లీ ముంచాలి. ఎర్ర నల్లి పడితే కుక్కల గుండెపురుగు మాత్ర వేస్తారు. నేను నవ్వితే మావాడికి కోపం వచ్చింది.

ఇక అయిప్టేసియా. గాజుపువ్వులా ఉండి పక్క పగడాలను కుట్టే ఈ మహాతల్లి రక్తబీజుడి వంశం. కోస్తే ముక్కకొకటి మొలుస్తుంది. దాన్ని తింటుందని పెప్పర్‌మింట్ రొయ్యను తెచ్చారు. రొయ్య చేపల మేత రుచి మరిగి దాని వంకే చూడలేదు. ఆ రొయ్యను చేప మింగింది. అప్పుడు సున్నం ముద్ద చేసి సిరంజితో దాని నోట్లో పోశారు. నాలుగు చచ్చాయి, తొమ్మిది మొలిచాయి.

చివరికి బెర్గియా అనే బుల్లి సముద్రపు నత్తను దింపారు. ఈ దొరసాని అయిప్టేసియా తప్ప మరొకటి ముట్టదు. మొత్తం ఊడ్చేసింది. ఊడ్చేశాక తినడానికేమీ లేక చావుకొచ్చింది. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని చావనిస్తారా? ఇప్పుడు మావాడు ఇంకొకాయన తొట్టిలోంచి అయిప్టేసియా అడిగి తెచ్చి, వేరే గిన్నెలో పెంచుతున్నాడు. తెగులు అప్పు తెచ్చుకున్న మొదటి మనిషిని చుట్టరికంలోనే చూశాను.

అన్నట్టు, రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న పట్టికలోనే. ఈ అడవి అంచున కట్టెలమోపు ఎత్తుకొచ్చే ఆదివాసీని నిలబెట్టి అడిగే చట్టం, ఆ తొట్టి ముందు సెల్ఫీ దిగి వెళ్తుంది.

ఇక నాకు నవ్వు రావడం లేదు. 2021 చివర్లో ఖమ్మం నుంచి గుంటూరు దాకా మిర్చి పూత మీద నల్ల తామర పురుగు పడింది. థ్రిప్స్ పార్విస్పైనస్ దాని పేరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద పట్టుబడింది. జానెడు పగడం కొంటే వారాల తరబడి విడిగా ఉంచి పురుగుందో లేదో చూస్తారు కదా, ఆ పురుగును నిలిపే పాటి తొట్టి ఇంత దేశంలో దొరకలేదు. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే తెల్లనల్లి అని మా రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది పూవులో దూరి కూర్చుంది. పాత లెక్క పారలేదు. కొత్త లెక్క చెప్పేవాడు చేను దాకా రాలేదు. పురుగుమందుల షాపు కౌంటరే ఆస్పత్రి అయింది. అక్కడే రోగం చెప్పారు, అక్కడే మందిచ్చారు, అక్కడే ఉద్దెర రాసుకున్నారు. ఇది పనిచేయకపోతే అది కలిపి కొట్టు, రెండూ పనిచేయకపోతే మూడోది. కొట్టినకొద్దీ పురుగును తినే పురుగులు చచ్చాయి, ఇది బలిసింది. కాయాల్సిన తోటలను ట్రాక్టరు పెట్టి దున్నేశారు. ఆ రాత్రుళ్లు ఎవడూ పిల్లల్ని దగ్గొద్దనలేదు.

పత్తిలో గులాబీ పురుగు సంగతి ఎత్తను. అశ్వారావుపేట ఆయిల్‌పామ్ మీది తెల్లదోమ సంగతీ ఎత్తను.

తోడల్లుడుగారూ, డిసెంబర్‌లో బూర్గంపాడు వైపు మిర్చి పూతకొస్తుంది. మీ భూతద్దం పట్టుకుని రండి. పూవు తెంపి తెల్ల కాయితం మీద దులిపితే నల్లగా పాకుతాయి, పట్టపగలే కనపడతాయి. ఏ పురుగో చెప్పండి. ఏ మందు కొట్టకూడదో కూడా చెప్పి వెళ్లండి.